ఖాళీ కాగితాలమ్మ

“మళ్ళీ ఖాళీ కాగితాలమ్మ దాపురించింది,” అని స్కాన్ డాక్టరమ్మ మిషన్ మీద విసుక్కుంది.

బల్ల మీద పడుకున్న పెద్దావిడ తల తిప్పింది. “ఎవరమ్మా ఆవిడ?”

“మా నాన్న మాటండీ. ఎక్కడ పని ఆగినా ఆ పేరెత్తి తిడతాడు. నాకూ అంటుకుంది.”

పెద్దావిడ అదోలా నవ్వింది.

నిజానికి నవ్వే పరిస్థితి కాదు. ఆవిడ ఛాతీలో, గుండె పక్కన, నిమ్మకాయంత గడ్డ. సీటీ స్కాన్‌లో గట్టిగా కనిపించింది. క్యాన్సరే అయ్యుంటుందని, తెల్లారితే రొమ్ము ఎముక కోసి గడ్డ తీసెయ్యాలని సర్జన్ తేల్చాడు. బయట బెంచీ మీద ఆవిడ చెల్లెలు ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడి కూచుంది.

గడ్డ ఎంత గట్టిదో చెప్పే పరీక్ష ఇది. పక్కటెముకల సందులోంచి అడ్డంగా ఊగే అలలు పంపితే తెర మీద రంగులు రావాలి. గడ్డ ఉన్నచోట మాత్రం ఏమీ లేదు.

“పరీక్ష కుదర్లేదని రాసేస్తానండీ. పక్కనే గుండె కొట్టుకుంటుంటే ఇలా పాడవడం మామూలే.”

“చుట్టూ కండలో రంగులొస్తున్నాయా తల్లీ?”

“బ్రహ్మాండంగా.”

“గడ్డ అంచు దాకా?”

“అంచు దాకా.”

“అయితే మిషన్ని తిట్టకు. అది పనిచేస్తోంది.”

డాక్టరమ్మకి ఒళ్ళు మండింది. “మీరేం చేసేవారండీ?”

“భూమి గుండె మీద చెవి పెట్టి వినేదాన్ని. నేల మీద దెబ్బ వేస్తే అల లోపలికి పోతుంది. రాయి మారిన చోట కొంత వెనక్కొస్తుంది, కొంత వంగి ముందుకు పోతుంది. తోసుకుంటూ పోయే అల నీళ్ళనైనా దాటేస్తుంది. అడ్డంగా ఊగే అల ఉందే, అది నీళ్ళ గడప తొక్కదు. కాగితం ఖాళీగా వస్తే యంత్రం చెడిందని అందరూ పారేసేవారు. రాకపోవడమే జవాబురా నాయనా అని నేను నెత్తీ నోరూ కొట్టుకునేదాన్ని.”

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. చిక్కటి నీటితో నిండిన తిత్తి ఒక్కోసారి సీటీలో గట్టి గడ్డలా కనిపించి మోసం చేస్తుంది. పెద్దవాళ్ళలో బహు అరుదు. పుస్తకంలో చదివిందే తప్ప కళ్ళారా చూడలేదు.

వెంటనే సర్జన్‌కి ఫోన్ చేసింది. “సార్, ముందు సన్నసూదితో గుచ్చి చూద్దాం.”

“పరీక్ష కుదర్లేదని ఆపరేషన్ ఆపమంటావా?”

“కుదిరింది సార్. మనమే వినలేదు.”

సూదిలోకి జిగురు నీళ్ళొచ్చాయి. పుట్టుకతో వచ్చిన తిత్తి, క్యాన్సర్ జాడే లేదు. ఎముక కోసే పని తప్పింది. చిన్న చిన్న బెజ్జాల్లోంచి తిత్తిని బయటికి లాగి, సర్జన్ దాన్ని గెలిచిన కప్పులా పైకెత్తి అందరికీ చూపించాడు.

వారం తిరక్కుండా పెద్దావిడ చెల్లెల్ని వెంటేసుకుని మహారాణిలా నడిచి వెళ్ళింది. గుమ్మం దగ్గర మాత్రం ఒక్కసారి ఆగింది.

“మీ నాన్నగారు కులాసానా తల్లీ?”

“ఆఁ, మమ్మల్ని సాధిస్తూ నిక్షేపంలా ఉన్నాడండీ.”

“ఇంకేం కావాలి,” అని కళ్ళు తుడుచుకుని కారెక్కింది.

ముక్కూ మొహం తెలియని నాన్న సంగతి ఈవిడకెందుకో డాక్టరమ్మకి అంతుపట్టలేదు.

సాయంత్రం అడిగింది. “నాన్నా, ఖాళీ కాగితాలమ్మని ఎందుకలా తిడతావు?”

“తిట్టడమేంటే? పని ఆగినప్పుడల్లా తల్చుకుంటాను, మంచికే ఆగిందేమోనని.” నాన్న కుర్చీలో సర్దుకున్నాడు. “కొండలో సొరంగం తవ్వేవాళ్ళం. ఒకావిడ ఖాళీ కాగితం పట్టుకొచ్చి పని ఆపించేసింది. నోటికొచ్చినట్టు తిట్టుకున్నాం. తర్వాత దూరం నుంచి సన్నగా బెజ్జం వేసి చూస్తే, ఏరు విరుచుకుపడ్డట్టు నీళ్ళు. ఆవేళ ముందు వరసలో గునపం పట్టుకోవాల్సింది నేనే. నువ్వప్పటికి మీ అమ్మ కడుపులో ఉన్నావు.”

“ఆవిణ్ణి మళ్ళీ కలిశావా?”

“తిట్టిన నోటితోనే దణ్ణం చెప్పుకుందామని పరిగెత్తాను. అప్పటికే వేరే కొండకి వెళ్ళిపోయింది.”

డాక్టరమ్మ నాన్న చెయ్యి పట్టుకుంది.

“పొద్దున ఆవిడే అడిగింది నాన్నా, నువ్వు కులాసాగా ఉన్నావా అని.”