డ్యూటీ చొక్కా

మొగుడు డ్యూటీ దిగి, ఫ్యాక్టరీలోనే స్నానం చేసి ఇంటికి రావడం మొదలుపెట్టిన రోజే టైలరమ్మకు అనుమానం పుట్టింది.

అతను బాయిలర్ ఆపరేటరు. పన్నెండేళ్లుగా నూనె మరకలతో, చెమట కంపుతో వచ్చిన మనిషి. కొత్తగా వచ్చిన ల్యాబ్ మేడమ్ అతన్ని తన కింద పనికి మార్చుకుంది. అంతే, అయ్యగారు తల దువ్వుకుని కడిగిన ముత్యంలా దిగబడుతున్నారు.

"డ్యూటీ బట్టలేవండీ?"

"అక్కడే వదిలేయాలి. మేడమ్ రూలు."

"ఆవిడ రూలు పెడితే మీరు బట్టలిప్పేసి వచ్చేస్తారా? రేపట్నుంచి ఇంటికి తెండి. నేనే ఉతుకుతాను."

అతను ఏదో చెప్పబోయాడు. ఆమె చెవిన పెట్టలేదు. రెండు పూటలు అన్నం మానేసింది. మూడో పూటకు మొగుడు దిగొచ్చాడు. చొక్కాను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, దొంగసొత్తులా చంకలో పెట్టుకుని తెచ్చాడు.

ఇక రోజూ అదే పని. మొగుడి ఎదుటే కవరు విప్పడం, చొక్కాలో మొహం పెట్టి గట్టిగా పీల్చడం, పరాయి సెంటు కోసం వెతకడం. ఏదో నీచు వాసన తప్ప ఏమీ దొరికేది కాదు. "సెంటు రాసుకోకుండా జాగ్రత్తపడుతోందన్నమాట, గడుసుదే!" అని ఇంకా కుళ్లుకునేది.

నెల తిరిగేసరికి ఆ కుళ్లు ఆమెను మంచానికి దగ్గర చేసింది. తిన్నది ఇమిడేది కాదు. తల దిమ్ముగా ఉండేది. చేతులు వణికి సూదిలో దారం ఎక్కేది కాదు. కాలరు కుడితే వంకర్లు పోయేది.

"ఆ మేడమ్ నా ప్రాణాలు తోడేస్తోంది వదినా" అని పక్కింటావిడ దగ్గర ఏడ్చింది.

ఆ వారమే కంపెనీవాళ్లు ఏటా చేసే రక్తపరీక్షలు మొగుడూ పెళ్లాలిద్దరికీ చేశారు. రిపోర్టులు తెస్తానని డిస్పెన్సరీకి వెళ్లిన మొగుడు రెండు గంటలైనా రాలేదు. టైలరమ్మ గోడ పట్టుకుని నడుస్తూ వెళ్లింది.

బెంచీ మీద ఇద్దరే ఉన్నారు. మొగుడు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. మేడమ్ చెయ్యి అతని భుజం మీద ఉంది.

ఒళ్లు మండిపోయింది ఆమెకు. "ఏం, వదిలేస్తానందా? అందుకా ఈ ఏడుపు?"

మేడమ్ గబుక్కున లేచి ఆమెను పట్టుకుని కూర్చోబెట్టింది.

"మాస్కు వేసుకుని పనిచేసే ఆయనకేమీ కాలేదక్కా, బాయిలర్ నీళ్లలో కలిపే హైడ్రజీన్ విషం పాడుచేసింది, రోజూ ఆ చొక్కాలో మొహం పెట్టిన మీ లివర్ని."