ఎర్రనీళ్ల సాక్ష్యం

“గుంజుతాండేది వాడే! నా బోరు నీళ్లన్నీ గిడ్డయ్య బోరే తాగుతాండాది.”

రామకృష్ణ గట్టు అవతలికి చూస్తూ పళ్లు నూరాడు. పత్తికొండ పక్కన టమేటా చేలు కాపుకొచ్చిన వేళ. గట్టుకు అటొకటి, ఇటొకటి, రెండు బోర్లు. ఉగాది ముందే తన బోరును ఇంకా లోతుకు దింపించాడు. అయినా ధార సన్నబడుతోంది. గిడ్డయ్యేమో “నాదీ తగ్గిపాయన్నా” అంటున్నాడు. ఎవరు నమ్ముతారు?

నక్షత్రాల మీద పరిశోధన చేసే కూతురు శివజ్యోతి సెలవులకు వచ్చింది.

“మా నక్షత్రాలదీ ఇదే కత నాయనా. న్యూట్రాన్ నక్షత్రమని ఉంటాది. చూస్తే ఊరంత, బరువు సూర్యుడి కన్నా ఎక్కువ. పక్కనే ఉండే జోడు నక్షత్రం ఒంట్లోది గుంజుకుంటాది. ఆ పడేదాని ఊపుకే సెకనుకు వందల చుట్లు తిరుగుతాది.”

“అచ్చం గిడ్డయ్యే! మరి దొంగను ఎట్ల పట్టుకుంటారు మ్మా?”

“గుంజుకున్నది మీద పడేటప్పుడు కాగి ఎక్స్‌రేలు చిమ్ముతాది. తిన్నదే దాన్ని పట్టిస్తాది.”

రామకృష్ణ కళ్లు మెరిశాయి. “అయితే మన బోరులో రంగు పోద్దాం. వాని నీళ్లు ఎర్రగా వస్తే చిక్కినట్లే.”

సాయంత్రానికి ఊరి పెద్దమనిషి కేశవయ్యను, గిడ్డయ్యను పిలిపించాడు. “ఎవురు గుంజుతాంటే వాళ్ల బోరుకు మూతేయాల. నాకైనా అదే మాట.”

“నీకు కలలో గూడా గిడ్డయ్య మోటరే వినిపిస్తాదేమప్పా?” అని నవ్వాడు కేశవయ్య.

గిడ్డయ్య నవ్వలేదు. “కాపు మాడిపోతాదన్నా... సరే, కానీ.”

ఆ తడబాటు చాలదూ!

మిఠాయిల్లో వేసే ఎర్రరంగును బకెట్లో కలుపుకుని శివజ్యోతి ఒక్కతే చేలోకి పోయింది. గిడ్డయ్య ఏ మాయ చేస్తాడోనని రామకృష్ణ వాడి గడప ఎదురుగానే కాపలా కూర్చున్నాడు.

పొద్దున కరెంటు రాగానే రెండు మోటర్లూ వేశారు. రామకృష్ణ పైపులోంచి ఎర్రనీళ్లు దూకాయి.

“రంగు బాగా కలిసిందప్పా. ఇంక వానిది చూద్దాం పాండి.”

అందరూ గట్టు దాటారు. గిడ్డయ్య పైపు దగ్గింది, గాలి కక్కింది, ఆపైన సన్నగా పారింది. ఎర్రగా.

“చూడండప్పా, నా నీళ్లు యాడ పారుతాండాయో!”

కేశవయ్య తల దించుకున్నాడు. “మాటంటే మాటే గిడ్డయ్యా. మూతేయాల్సిందే.”

రామకృష్ణ ఇనుప మూత ఎత్తుకుని బోరు మీదికి వంగాడు. శివజ్యోతి అడ్డం వచ్చి మూత పట్టుకుంది.

“రంగు పోసింది ఈ బోరులో నాయనా, మనదాంట్లో కాదు.”