ఇవ్వనన్న పిల్లికూన

"రోజూ దువ్వే ఓపికుందా అండీ మీకు?" కుసుమకుమారి అడిగింది. "పర్షియన్ జాతి ఇది. ఒక్కరోజు మానేస్తే బొచ్చంతా ఉండలు కట్టేస్తుంది."

"ఉంది మేడం."

"కిటికీలకు జాలీలున్నాయా? ఇంట్లో కుక్క లేదుగా?"

"జాలీలున్నయి. కుక్క లేదు."

సోఫా అంచున కూర్చుని స్వరూపరాణి ఓపిగ్గా జవాబులు చెబుతోంది. సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలైంది. బస్సుల్లేవు. పేపర్లో ప్రకటన చూసి, కూతురు స్కూటీ మీద దింపితే ఊరి ఆ చివర నుంచి చైతన్యపురి దాకా వచ్చిందట, ఓ పిల్లికూన కోసం! పట్టుదల గల మనిషే అనుకుంది కుసుమకుమారి.

"ఒక్కమాట ముందే చెబుతున్నానండీ. మేము గుంటూరు వాళ్ళం. ఈ గొడవల్లో మీకేమైనా..."

"పిల్లులకు గీ లొల్లంత ఎందుకు మేడం!" స్వరూపరాణి నవ్వేసింది.

కుసుమకుమారి గుండె తేలికపడింది. రోడ్డు మీద ఊరేగింపు వెళ్తుంటే ఎందుకైనా మంచిదని తలుపు గడియ చూసుకుంటున్న రోజులవి.

అయితే ఈ మనిషి ఆరాలూ తక్కువేం కాదు. ఇల్లు సొంతమేనా, సారుకు కోపం ఎక్కువా, ఇంట్లో ఎవరెవరుంటారు... పిల్లిని కొనడానికొచ్చిన మనిషికి ఇవన్నీ ఎందుకో! అయినా చెప్పింది. తను, భర్త మల్లికార్జునరావు, ఒక్కగానొక్క కొడుకు శేఖర్.

బుట్టలో మూడు కూనలున్నాయి. బూడిదరంగువి రెండింటినీ స్వరూపరాణి సరిగ్గా చూడను కూడా లేదు. నీలికళ్ళ తెల్లకూనను ఒళ్ళోకి తీసుకుంది.

"గిదియ్యుండ్రి."

"దానికి పుట్టు చెవుడండీ. అలాంటి తెల్లవాటిల్లో కొన్ని అలాగే పుడతాయట, డాక్టరు చెప్పాడు. వచ్చినవాళ్ళంతా వద్దనే పోయారు. మంచి ఇల్లు దొరికితే ఊరికే ఇచ్చేస్తా."

"మీరు చెప్పకపోతే నాకెట్ల ఎరుకైతుండె?"

"చెప్పకపోతే మీరు పిలిచీ పిలిచీ, పలకడం లేదని దాన్ని కొడతారు. పాపం, దానికేం తెలుసు?" కుసుమకుమారి దగ్గరికి జరిగింది. "వెనకనుంచి మాత్రం తాకొద్దు, ఉలిక్కిపడుతుంది. కాలితో నేలమీద తడితే, ఆ అదురుకి తిరిగి చూస్తుంది. ఇదంతా మా శేఖర్ నేర్పాడు. వాడికెవరు చెప్పారో మరి!"

స్వరూపరాణి తల వంచుకుని కూన వీపు నిమిరింది. ఉన్నట్టుండి గొంతు మార్చింది.

"అయినా గింత పరేషాన్ ఎందుకు మేడం? లోపమున్నదాన్ని ఎన్నొద్దులని సాదుతరు? తుర్కయంజాల్ దిక్కు ఏడనన్న ఇడిచిపెట్టొస్తే పీడ పోతది."

కుసుమకుమారికి ఒళ్ళు మండిపోయింది. లేచి, కూనను తన చేతుల్లోకి లాక్కుంది.

"లేవండి. మీకు పిల్లినిచ్చేది లేదు."

"గిదేంది? ఇస్తమని పేపర్ల ఏసిండ్రు గద?"

"వేశాను. మీలాంటి వాళ్ళ కోసం కాదు. వినపడకపోవడం దాని తప్పా? ఇక దీన్ని ఎవరికీ ఇవ్వను. నా ఇంట్లోనే ఉంటుంది. దీన్ని పల్లెత్తు మాటన్నా ఊరుకోను, మా ఆయనైనా సరే!"

"మధ్యలో నన్నెందుకు లాగుతావే?" లోపల్నుంచి మల్లికార్జునరావు కేక వినబడింది. "పొద్దున దాని గిన్నె కడిగింది నేనే కదా!"

అన్ని చీవాట్లు తిన్న మనిషి చిన్నబుచ్చుకోవాలా వద్దా? స్వరూపరాణి కళ్ళనిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు. కుసుమకుమారి మోచేయి గట్టిగా పట్టుకుంది.

"తప్పైంది. మీ ఇల్లు సల్లగుండాలె వదినా. మల్లొస్త."

"మళ్ళీ ఎందుకండీ? ఇవ్వనని చెప్పాగా!"

ఆ మాట పూర్తయ్యేలోపే ఆవిడ మెట్లు దిగేసింది.

"ఎవరే ఆవిడ?" మల్లికార్జునరావు బయటికొచ్చాడు.

"ఎవరో! తిట్టి పంపిస్తే దీవించి పోయింది." కుసుమకుమారి సోఫాలో కూలబడింది. తెల్లకూన ఇక ఎక్కడికీ పోనక్కర్లేదు. ఆ సంగతి తేలిపోయినందుకు ఆమెకూ హాయిగానే ఉంది.

సందు చివర స్కూటీ పక్కన అఖిల గోళ్ళు కొరుక్కుంటూ నిలబడి ఉంది. పొద్దున్నుంచి పిల్ల పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఉత్త చేతులతో వస్తున్న తల్లిని చూసి, ఏమైందన్నట్టు కళ్ళెగరేసింది. స్వరూపరాణి గబగబా వచ్చి కూతురి ఎదురుగా నిలబడింది.

"శేఖర్‌నే పెండ్లి చేసుకో బిడ్డా," అని చేతి సైగలతో చెప్పింది.