కార్డినల్ గారి ఎర్ర టోపీ

"దొంగలు! వంశం వంశమంతా దొంగలే! ముత్తాతల నాడే కొండ మింగారు. ఇప్పుడు ఈయన కాయలు కూడా మింగుతానంటున్నాడు!"

ఆదివారం పూజ అయి జనం ఇంకా మెట్లు దిగలేదు. బట్టలుతికే ఎర్సీలియా చర్చి గుమ్మానికి అడ్డంగా నిలబడి కౌంట్ ఒత్తావియో ముక్కు మీదికే వేలు పెట్టింది.

కౌంట్ యాభై ఏళ్ళ బ్రహ్మచారి. ఎవరేమన్నా చేతి తొడుగులు సర్దుకోవడం ఆయన అలవాటు. ఇప్పుడూ అదే చేశాడు.

"నేనేం చేశాను ఎర్సీలియా? టోపీ జానెడు కిందికి జారింది. దేవుడి చిత్తం."

"కలప వ్యాపారితో బేరం కుదుర్చుకున్నది దేవుడా, మీరా?"

జనం గొల్లున నవ్వారు. కౌంట్ చరచరా వెళ్ళిపోయాడు.

రొక్కాసెర్వా ఊళ్ళో కౌంట్ గారి వాల్దిస్పిని ఇంటివాళ్ళంటే ఆషామాషీ కాదు. ముగ్గురు బిషప్పులు, లెక్కలేనంతమంది కన్యస్త్రీలు, పోపు తర్వాత అంతటివాడైన కార్డినల్ ఒకాయన ఆ ఇంట పుట్టారు. కార్డినల్ పోతే ఆయన ఎర్ర టోపీని సమాధి మీద వేలాడదీస్తారు. దాన్ని ఎవరూ ముట్టకూడదు. తాడు కుళ్ళి దానంతటదే రాలిన రోజున ఆత్మ స్వర్గం చేరినట్టు. ఈ కార్డినల్ బతికినన్నాళ్ళూ ఊరి చెస్ట్‌నట్ చెట్ల కొండని కాజేసి కూర్చున్నాడు. చావు ముంచుకొచ్చాక భయం పట్టి వీలునామా రాశాడు. టోపీ వేలాడినంతకాలం కొండ కాయలు బీదలవి, బదులుగా వాళ్ళు తన ఆత్మ కోసం ప్రార్థించాలి. టోపీ రాలితే ప్రార్థనలతో ఇక పనిలేదు గనక కొండ మళ్ళీ ఆ ఇంటిది. పెద్దమనిషి స్వర్గంలో కూడా బేరం వదల్లేదు!

ఆ కాయల పిండే నలభై కొంపలకి చలికాలమంతా కూడు. అందుకే ఊరు ఆయన కోసం ప్రార్థించేది సగం నోటితోనే.

శుక్రవారం మధ్యాహ్నం ఎర్సీలియా గంటలు కొట్టే నజ్జరేనోని పట్టుకుంది. ఇద్దరూ చర్చిలో కార్డినల్ సమాధి దగ్గర నిలబడి తలెత్తి చూశారు. కుచ్చులు వేలాడుతున్న టోపీ, దాని ఎర్ర పట్టు తాడు, ఆ తాడు చివర కట్టిన కొక్కెం. కొక్కెం పక్కనే, పైన, ఆ ఇంటి ఆడవాళ్ళు కూర్చుని పూజ వినే చెక్క జాలీ తెర ఉన్న గది.

"పట్నం చర్చిలో రెండు టోపీలుండేవి," అన్నాడు నజ్జరేనో. "ఒకటి డెబ్బై ఏళ్ళకి, ఇంకోటి తొంభై ఏళ్ళకి రాలాయి. మన కార్డినల్ మూడొందల ఏళ్ళైనా స్వర్గం గడప తొక్కలేదు. ఎంత పాపిష్టోడో!"

"పాపిష్టోడు కాబట్టే మనం తింటున్నాం. ఆ గదిలోకి ఎవరెళ్తారు, అది చెప్పు."

"కౌంట్ గారి తల్లి, పెద్దమ్మగారొక్కరే. శుక్రవారం శుక్రవారం గంటసేపు తలుపేసుకుని ప్రార్థన చేస్తారు. మోకాళ్ళ నొప్పులని రెండు నెలలు రాలేదు. ఇవాళే మళ్ళీ వచ్చారు, పైనే ఉన్నారు."

ఎర్సీలియా వంగి నేల మీది ఎర్రటి నూగు వేళ్ళతో ఎత్తింది. పట్టు పోగులు.

"నజ్జరేనో, బట్టలుతికేదాన్ని. చివికి ఊడిన పోగేదో, కోసిన పోగేదో నాకు తెలీదా? ఇది కత్తెర పడ్డ పోగు."

"అయ్యో దేవుడా! పెద్దమ్మగారా?"

ఆమె అప్పటికే మెట్ల మీదుంది. మూడేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కి తలుపు దబదబా బాదింది. ఎనభై ఒక్క ఏళ్ళ పెద్దమ్మగారు దోన్న ఇప్పోలిత గోడ పట్టుకుని వచ్చి గడియ తీసింది. వెనక కిటికీలోంచి ఎండ పడుతోంది. ముక్కాలిపీట మీద కుట్టు సంచి, దాని మీద కత్తెర. ముసలామె వేళ్ళ కొసలు ఎర్రగా ఉన్నాయి.

"దొరికిపోయారు అమ్మగారూ!"

"మెల్లిగా, ఇది దేవుడి గుడి. లోపలికొచ్చి తలుపెయ్యి." పీట మీద చతికిలబడి ఆయాసం తీర్చుకుంది. "గాలిలా ఎక్కొచ్చావే. ఎన్నేళ్ళు నీకు?"

"నలభై రెండు. మాట మార్చకండి."

"మోకాళ్ళెలా ఉన్నాయి?"

"ఏటి రాళ్ళ మీద బట్టలుతికే మోకాళ్ళు. మీ మేడ కూలేదాకా ఉంటాయి!"

ముసలామె పకపకా నవ్వింది. ఎర్సీలియాకి ఒళ్ళు మండిపోయింది.

"ఈ పని ఎన్నాళ్ళ నుంచి?"

"మా అత్తగారు కళ్ళు మూస్తూ నగల కంటే ముందు ఈ గది తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఆవిడకి వాళ్ళత్తగారు."

"అంటే తరతరాలుగా! రేపే బిషప్ గారి దగ్గరికి పోతాను. ఊరందరినీ వెంటేసుకుని పోతాను!"

"మహారాణిలా వెళ్ళు. మీ నలభై కొంపల కూడు పోతుంది."

"బెదిరిస్తున్నారా?"

"లేదమ్మా. నా కొడుక్కి ఇదేం తెలీదు. ఈ ఇంటి మగాళ్ళెవ్వరికీ తెలీదు. వాడు పెళ్ళి చేసుకోలేదు, నాకు కోడలు లేదు. ఆదివారం గుమ్మంలో నువ్వు వాణ్ణి దులిపెయ్యడం ఈ జాలీలోంచి విన్నాను. రాత్రికి నాకు హాయిగా నిద్రపట్టింది."

దోన్న ఇప్పోలిత తాళంచెవి ఎర్సీలియా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. జాలీ సందులోంచి చెయ్యి పెట్టి తాడు అందుకుంది. టోపీ ఊగుతూ పైకి లేచింది.

"కూర్చో, నాకిక చేతకాదు, వచ్చే శుక్రవారం నుంచి కుళ్ళిన పోగులు కోసి, కొత్తవి కలిపి ఈ తాడు నువ్వే పేనాలి."