గడ్డం కట్టిన నవోమి

నవోమి గడ్డం మళ్లీ ఊడింది.

"పిన్నీ!" అని వంటింటి వైపు కేకేసింది. జ్ఞానమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, నల్ల ఉన్ని గడ్డాన్ని పిల్ల చెవులకి బిగించి, మళ్లీ బజ్జీల మూకుడు దగ్గరకి పోయింది.

సోఫాలో దైవాశీర్వాదంగారు పకపకా నవ్వారు. 1983లో అమెరికాలోని ట్రాయ్ ఊళ్లో తెలుగు చర్చి అంటే పాతిక కుటుంబాలు. ఆయనే సంఘపెద్ద. ఆరాధన అయ్యాక టీకి వచ్చారు.

"ఏమిటమ్మా ఈ వేషం?"

"లింకన్, అంకుల్. థర్స్‌డే స్కూల్లో ప్రోగ్రాం. సివిల్ వార్ జరుగుతోంది, నేను డిసైడ్ చేయాలి. స్లేవ్స్‌ని అలాగే ఉంచేసి కంట్రీని కలిపి ఉంచాలా, కంట్రీ విడిపోయినా సరే వాళ్లని ఫ్రీ చేయాలా? ఆన్సర్ మా ఇష్టం. కానీ ఎందుకు అని టీచర్ అడుగుతుంది."

"మరి నువ్వేం చెబుతావు?"

"ఇంకా తెలీదు."

నవోమి తల్లి విమలకుమారి టీ కప్పులు సర్దడం ఆపేసింది. కూతురు తెలీదంటే చాలు, ఆమెకి ఎక్కడలేని కీడూ తోస్తుంది.

"కలిపి ఉంచాలనే చెబుతుందండీ. ఇల్లయినా దేశమయినా కలిసుంటేనే కదా."

"బాగా చెప్పావమ్మా," అన్నారాయన బజ్జీ అందుకుంటూ. "అబ్బ, ఏం బజ్జీలు! మీ చెల్లెల్ని ఒక్క ఆదివారం చర్చికి పంపరాదూ? ఇవి తింటే చీలిపోయే సంఘం కూడా అతుక్కుంటుంది."

"దానికి చలి పడదండీ."

"ఏప్రిల్లో కూడానా?"

"మరీ నాజూకు," అంది విమల. గబగబా టీ పోసింది.

ఆ వారమంతా ఆమె పిల్ల వెంటే తిరిగింది. అన్నం పెడుతూ, జడ వేస్తూ అదే మాట. "కలిపి ఉంచాలని చెప్పవే. తెల్లవాళ్ల ముందు మనకెందుకు తగువులు? గ్రీన్ కార్డ్ ఇంకా చేతికి రాలేదు."

"అది ప్లే, మమ్మీ."

"అయినా సరే."

భర్త రత్నరాజు విసుక్కున్నాడు. "పన్నెండేళ్ల పిల్ల ఏం చెబితే ఎవడిక్కావాలే? నీ భయానికి మందు లేదు."

నవోమి మాత్రం ఏమీ తేల్చలేదు. బేస్‌మెంట్‌లో బట్టలు మడతపెడుతున్న జ్ఞానమ్మ పక్కన కూర్చుని, మాటలు వల్లెవేసుకునేది. మెట్ల మీద అడుగు వినబడితే ఆపేసేది.

గురువారం వచ్చింది. స్కూలు హాలు నిండిపోయింది. రత్నరాజు ఆఫీస్‌లో ఉన్నాడు. విమలకుమారి ఒక్కతే మూడో వరసలో కూర్చుంది. యేసయ్యా, యేసయ్యా అనుకుంది. కాసేపటికి అదీ ఆగిపోయింది. ముందు ఇద్దరు పిల్లలు ఏం చెప్పారో, జనం ఎందుకు నవ్వారో ఆమె చెవికెక్కలేదు.

నవోమి మైకు ముందుకి వచ్చింది. గడ్డం ఈసారి ఊడలేదు.

"నేను వాళ్లని ఫ్రీ చేస్తాను."

చప్పట్లు. పక్కనున్న తెల్లావిడ విమల భుజం తట్టి ఏదో మెచ్చుకుంది. విమల తల ఊపింది. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. లోపల ఏమీ లేనట్టే ఉంది.

"వెరీ గుడ్," అంది టీచర్. "కంట్రీ ముక్కలైపోవచ్చు కదా, మిస్టర్ ప్రెసిడెంట్. అయినా ఎందుకు?"

నవోమి మూడో వరసలోకి, తల్లి వైపు చూసింది.

"ఎందుకంటే మా ఇంట్లో ఒకావిడ ఉంది," అంది, "గడప దాటనివ్వరు, ఎవరైనా వచ్చినప్పుడు మాత్రం ఆవిణ్ణి నేను పిన్నీ అని పిలవాలి."