తిట్ల ప్రోగ్రాం

"బావా! నేను రాసిన ప్రోగ్రాం అడుగకుంట నీ ఫోన్ల ఎక్కిచ్చుకుంటవా? అమ్ముకుందామనుకున్న. కాపీరైట్ కేసేస్త!" మరమగ్గాల రొదను మించి అరిచాడు ఉమాకాంత్.

మగ్గం మీద పోగు తెగగానే అతని భార్య సంధ్య గొంతుతో తిట్టి కునుకుతున్న మనిషిని లేపే ప్రోగ్రాం అది. మగ్గాల పేట వడోద్‌లో వీధి వీధంతా కాపీ కొట్టేసింది.

"కేసెయ్ గని తిట్టు తియ్యకు. అది లేకుంటె నాకు మెలకువ రాదు," అన్నాడు గంగారాం.

అన్నం డబ్బా తెచ్చిన సంధ్య మొగుణ్ణి అడిగింది. "తిట్లు నావి. నన్నడిగి పెట్టినవా?"

ఉమాకాంత్ డబ్బా అందుకుని మూత తియ్యబోయాడు.

"నావి గూడ కావు తియ్," అంది సంధ్యే. "మీ అమ్మ మీ నాయినను తిట్టంగ నేర్చుకున్న."

"గట్లయితె కేసు మా అత్త ఎయ్యాలె, మనందరి మీద," గంగారాం నవ్వాడు.

ఉమాకాంత్ గొంతు తగ్గింది. "అమ్మకు చెప్పకు బావా. ఫోనియ్యి. తిట్టు చిన్నగ ఇనవడుతున్నది, జర పెద్దగ చేసిస్త."