పగిలిన మూడో పాట

నలభై ఏళ్లుగా ఇంగ్లండులో, లాంకషైర్‌లోని ఆ సోల్ సంగీతం క్లబ్బులో తెల్లవార్లూ సాగే డాన్సుకు ముగింపు మూడు పాటలే. మూడోది అయ్యేదాకా ఒక్కరూ గడప దాటరు. ఈ రాత్రి ఆ మూడో పాట రికార్డు, పాటలు వేసే క్లైవ్ చేతిలోంచి జారి పగిలింది. రెండింటితోనే అందర్నీ పంపేశారు.

డాన్సులో కాళ్లు సులువుగా జారాలని నేలమీద చల్లిన పౌడర్‌ను, క్లబ్బు శుభ్రం చేసే బెరిల్ ఖాళీ హాల్లో ఒక్కతే ఊడుస్తోంది. ఊడ్చిన చోటే మళ్లీ పౌడర్, అందులో గిర్రున తిరిగిన బూటు గుర్తు.

"క్లైవ్! రికార్డు పగలగొట్టింది చాలక నా నేల కూడా పాడుచేస్తున్నావా?"

"కింద వ్యాన్ దగ్గరున్నా, బంగారం!"

చీకట్లో బూట్లు నేలకు రాసుకుంటున్న చప్పుడు. ఆ లయ ఆమెకు తెలుసు, మూడో పాటదే. అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టే చోటు దగ్గరపడుతోంది. ఉండబట్టలేక బెరిల్ చీపురు వదిలేసి ఒక్క చప్పట కొట్టింది.

ఆమెతోపాటు ఖాళీ హాలంతా చప్పట్లు కొట్టింది.